రజాకార్: చెడిపోయిన ఒక మంచి మాట
(నల్గొండ, పాలమూరు సీమలో నవయువకుల సేవాచరిత్ర)

సర్వ స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతీ శుభాలూ వర్షించుగాక!



ఈ వారం మనం ఒకే ఒక మాటను గురించి ఆలోచిద్దాం. ఆ మాట ‘రజాకార్’. నల్గొండ జిల్లాలోనూ, మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఈ మాట వినగానే ముసలివారి ముఖాలు గంభీరమవుతాయి. ఏటా సెప్టెంబర్ 17 దగ్గరపడే కొద్దీ ఇది వేదికలమీద మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. 1948 తరువాత ఎన్నో ఏళ్ళకు పుట్టిన మన పిల్లలను సైతం కొందరు కోపంలోనో, వేళాకోళంగానో ఈ మాటతో పిలుస్తారు. పిల్లవాడు ఇంటికొచ్చి “ఆ మాటకు అర్థమేమిటి?” అని అడిగితే మనలో చాలామంది సమాధానం చెప్పక మాట మార్చేస్తాం.

ఈ రోజు మాట మార్చవద్దు. అర్థం చెప్పుకుందాం. ‘రజా’ అంటే సమ్మతి, ఇష్టం, ప్రసన్నత. ‘కార్’ అంటే పని, పని చేసేవాడు. ఎవరి బలవంతమూ లేకుండా తన ఇష్టంతో ముందుకు వచ్చి పనిచేసేవాడు రజాకార్. తెలుగులో స్వచ్ఛంద సేవకుడు, వాడుకలో వాలంటీరు. ఉర్దూలో దీనికి ఈనాటికీ అదే అర్థం. ఇంత మంచి మాట మన నేలమీద ఇంత చెడ్డ మాటగా ఎలా మారింది? మార్చినవారెవరు? దానికి తిరిగి గౌరవం తేవాలంటే నేటి పదిహేనేళ్ళ, పదహారేళ్ళ పిల్లలు ఏం చేయాలి? మనం ఆలోచించవలసిన ప్రశ్నలు ఇవే.

మదీనాలో వెనక్కి పంపబడిన బాలురు

మొదట కొంచెం దూరం వెళ్ళి వద్దాం. ఇస్లాం రాకమునుపే మక్కాలో ఒక ఒప్పందం జరిగింది. యెమెన్ దేశపు జబీద్ నుండి వచ్చిన ఒక వర్తకుని సరుకు కొని, మక్కా పెద్దలలో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ డబ్బు ఎగవేశాడు. ఊరుకాని ఊరిలో ఆ వర్తకునికి దిక్కు లేకపోయింది. అప్పుడు కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, మక్కాలో అన్యాయానికి గురైనవాడు ఎవడైనా సరే, అతని హక్కు అతనికి దక్కేదాకా అందరం అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. దీనినే హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. ఆ ప్రమాణంలో పాల్గొన్న యువకులలో ముహమ్మద్ (స) ఒకరు. అప్పటికి వారికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు. ప్రవక్తగా నియుక్తులైన తరువాత కూడా వారు ఆ ఒప్పందాన్ని గౌరవంగా తలచుకునేవారు, అలాంటి పనికి ఇప్పుడు పిలిచినా వెళతానని చెప్పేవారు. తన మతం కాని వారితో కలిసి, తన తెగ కాని బాధితుని కోసం చేసిన ప్రమాణం అది.

తరువాత మదీనా. హిజ్రీ 2వ సంవత్సరం, అంటే క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధానికి జనం బయలుదేరుతున్నప్పుడు జైద్ బిన్ సాబిత్ (ర) అనే పదమూడేళ్ళ బాలుడు తానూ వస్తానని వచ్చి నిలబడ్డాడు. ప్రవక్త (స) అతనిని ఆదరించారు, కానీ వెనక్కి పంపారు. మరుసటి ఏడాది ఉహుద్ వద్ద పద్నాలుగేళ్ళ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర) కూడా అలాగే వెనుదిరగవలసి వచ్చింది. ఆనాటి కొలతలో పదిహేనేళ్ళు నిండాకే, కందక యుద్ధకాలంలో, అతనికి అనుమతి లభించింది. అంటే దళాన్ని పరీక్షించేవారు ఒకరున్నారు, చిన్నవారిని గుర్తుపట్టి “నీ పని ఇది కాదు” అని ఇంటికి పంపేవారున్నారు.

వెనక్కి పంపబడిన జైద్ (ర) ఏమయ్యాడు? అతని చేతికి కలం వచ్చింది. ప్రవక్త (స) ఆదేశంపై యూదుల లిపిని కొద్ది రోజుల్లోనే నేర్చుకుని వారి లేఖలు చదివిపెట్టాడు. దైవవాణిని రాసే లేఖకుడయ్యాడు. ఇరవై రెండేళ్ళ ప్రాయంలో, అబూబక్ర్ (ర) కాలంలో, ఖుర్ఆన్‌ను ఒకచోట సేకరించే బరువైన బాధ్యత అతనిపైనే పడింది. ఇంకొక విషయం. బద్ర్‌లో పట్టుబడిన బందీలలో చదువు వచ్చినవారికి విడుదల షరతుగా పెట్టినది ధనం కాదు. ఒక్కొక్కరు మదీనా పిల్లలు పదేసి మందికి రాయడం నేర్పాలి. యువకుని ఉత్సాహాన్ని వృథా చేయవద్దు, దానిని ఆయుధంవైపు తోయవద్దు, అక్షరంవైపు, అన్నంవైపు మళ్ళించాలి. మదీనా నేర్పిన ఈ పాఠాన్ని గుర్తుంచుకుని ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం.

వెట్టి: ఇష్టం లేని సేవ

నిజాం రాజ్యంలో నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సేవ అంటే ఒకటే అర్థం, వెట్టి. దొర గడీకి చాకలి ఉచితంగా బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, రైతు తన చేను ఎండుతున్నా దొర చేను దున్నాలి. కూలి ఉండదు. కాదంటే దెబ్బలు. ఉర్దూ దఫ్తరులలో దీనిని బేగార్ అన్నారు. నిషేధం కాగితంమీద ఉన్నా ఊరికి చేరలేదు. ఈ దొరలలోనూ, దేశ్‌ముఖులలోనూ అత్యధికులు హిందువులే, వారికి అండగా నిలిచిన ప్రభుత్వం ముస్లిం ప్రభువుది. వెట్టి చేసినవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు, బీద ముస్లింలూ ఉన్నారు. కాబట్టి ఆనాటి కథను రెండు మతాల కథగా చెప్పుకోవడం చరిత్రకు సరిపడదు.

జనగామ తాలూకా ఆ రోజుల్లో నల్గొండ జిల్లాలో ఉండేది. అక్కడి కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు తన భూమికోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పలుకుబడికి లొంగక న్యాయస్థానాలలో పోరాడాడు. 1940 ప్రాంతంలో దొర మనుషులు అతనిని దారికాచి చంపారు. ఆ సమాధిని హిందూ ముస్లిం రైతులు కలిసి గౌరవించారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకానికి అతని కథే ఆధారం. మన పిల్లలకు రజాకార్ల పేర్లు తెలుసు, కానీ బందగీ పేరు మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

అక్షరంతో మొదలైన సేవ

వెట్టికి విరుగుడు ఆయుధంతో మొదలు కాలేదు, పుస్తకంతో మొదలైంది. 1918లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్గొండలో గ్రంథాలయం నెలకొల్పారు. 1922లో అక్కడినుండే నీలగిరి పత్రిక వెలువడింది. సూర్యాపేటలోనూ ఆ కాలంలోనే గ్రంథాలయం వెలిసింది. పాలమూరు సీమ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో సమావేశమైంది. సభ పెట్టుకోవడానికే సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఇలాంటి సభలకు పందిళ్ళు వేసినవారు, నీళ్ళు మోసినవారు, ఊరూరా కబురందించినవారు పేరు లేని యువకులు. చరిత్ర గ్రంథాలలో అధ్యక్షుల పేర్లు ఉంటాయి, కడవ మోసిన పిల్లవాని పేరు ఉండదు. దానిని రాసిపెట్టేవాడు వేరే ఉన్నాడు.

భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. ఆ సభ తరువాత ఆంధ్ర మహాసభ పల్లెవాసుల నోట ‘సంఘం’ అయింది. అప్పటి నల్గొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట 1931లో పుట్టిన స్వరాజ్యం అనే బాలిక కథ వినండి. సంఘం పిలుపు విని, పదకొండేళ్ళ ప్రాయంలో, తన వారి కట్టుబాటును ధిక్కరించి, ఇంటి ధాన్యాన్ని వెట్టివారికి పంచిపెట్టింది. ఆకలితో వడ్లు దంచేవారిని చూసి ఆ వడ్లు ఎవరివని ఆ బాలిక ప్రశ్నించుకుంది. ఆమే తరువాత మల్లు స్వరాజ్యంగా ప్రసిద్ధురాలై, తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికై, 2022 మార్చి 19న కన్నుమూశారు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దేశ్‌ముఖ్ లాక్కోబోయినప్పుడు సంఘం వాలంటీర్లు వెళ్ళి కోసి, కొట్టి, ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. ఆనాడు పల్లెలో ‘వాలంటీరు’ అనే ఇంగ్లీషు మాట నిరక్షరాస్యుల నోటికీ ఎక్కింది. దాని అర్థం వారికి నిఘంటువులో దొరకలేదు, ఐలమ్మ వాకిట్లో పోసిన వడ్లలో దొరికింది.

1946 జూలై 4. కడవెండిలో సంఘం యువకులు ఊరేగింపుగా వెళుతున్నారు. ముందు వరుసలో దొడ్డి కొమురయ్య. గొర్రెలు కాచే కురుమ ఇంటి బిడ్డ. 1927 ఏప్రిల్‌లో పుట్టినవాడు, పందొమ్మిదేళ్ళు దాటి మూడు నెలలు. దొర గడీ వైపునుండి వచ్చిన తూటాకు అతను నేలకొరిగాడు. ఆ మరణంతో తెలంగాణ రైతాంగ పోరాటం కొత్త దశకు చేరింది. తరువాత సంఘం పక్షాన కూడా పదహారు పదిహేడేళ్ళవారు తుపాకులు పట్టారు. స్వరాజ్యం వారిలో ఒకరు. అది వేరే కథ, ఎంతో రక్తం చిందిన కథ. ఇక్కడ మనం ఆదర్శంగా చూపుతున్నది తుపాకీని కాదు, ధాన్యం పంచిన చేతిని, పంట మోసిన భుజాన్ని.

మాట చెడిన రోజులు

ఇదే కాలంలో హైదరాబాదులో మరొక స్వచ్ఛంద దళం పెరిగింది. 1927లో ఏర్పడిన మజ్లిస్‌కు అనుబంధంగా మొదలైన ఆ దళానికి పేరు రజాకార్లు. 1946లో మజ్లిస్ నాయకత్వం లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చాక దాని రూపు మారిపోయింది. రాజ్యం పోతుందన్న భయాన్ని యువకుల గుండెల్లో నింపారు, ఖాకీ తొడిగించారు, కత్తులూ తుపాకులూ ఇచ్చారు. ఆ దళంలో చేరినవారిలో ఎందరో బీద ఇళ్ళ పిల్లలు. వారికి సేవ చేస్తున్నామనే చెప్పారు, ధర్మాన్ని కాపాడుతున్నామనే చెప్పారు. పల్లెల్లో వారు నిలబడింది మాత్రం చాలాచోట్ల దొరల గడీల పక్షాన, వెట్టిని వద్దన్న పేదలకు ఎదురుగా. 1948 ఆగస్టు 27న, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న భైరాన్‌పల్లిపై రజాకార్లూ సర్కారు బలగాలూ కలిసి చేసిన దాడిలో సుమారు వందమంది ప్రాణాలు కోల్పోయారు. బురుజు ఈనాటికీ అక్కడ నిలిచి ఉంది.

సోదరులారా! దీనిని మనం మెత్తగా చెప్పుకోరాదు. అన్యాయం చేసినవాడు మనవాడైతే దానికి వేరే పేరు పెట్టుకునే అనుమతి మన ధర్మంలో లేదు. మదీనాలో చిన్నవారిని వెనక్కి పంపిన చూపు 1947-48లో ఆ దళాన్ని నడిపినవారికి లేకపోయింది. “నీ పని ఇది కాదు, ఇంటికి వెళ్ళి చదువుకో” అని చెప్పిన పెద్ద గొంతుకలు బహు కొద్ది. ఆ కొద్దిమందిని మనం మరువరాదు. ఆ ఆగస్టులోనే ఏడుగురు ముస్లిం ప్రముఖులు ధైర్యంగా ఒక ప్రకటన చేశారు, రజాకార్ల ఆగడాలను ఖండించారు. షోయబుల్లాఖాన్ తన ఇమ్రోజ్ పత్రికలో వారికి చోటిచ్చి, భారతదేశంలో విలీనమే మేలని రాశారు. ఆగస్టు 21 రాత్రి ఇంటికి వెళుతున్న ఆయనను దుండగులు కాల్చి, కలం పట్టిన చేతిని నరికారు. వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. జైద్ (ర) చేతికి కలం ఇచ్చిన సంప్రదాయానికి వారసుడెవరు? చేతిని నరికినవాడా, ఆ చేతితో నిజం రాసినవాడా?

సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. తరువాత జరిగినదీ చెప్పాలి. రజాకార్లు చేసిన పాపానికి వారితో సంబంధం లేని వేలాది ముస్లిం కుటుంబాలు మూల్యం చెల్లించాయి. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అత్యధికంగా దెబ్బతిన్నాయి. భైరాన్‌పల్లి తల్లి కన్నీరూ, ఉస్మానాబాద్ తల్లి కన్నీరూ ఒకే రుచి కలవి. ఒకదానిని చూపి మరొకదానిని కప్పిపుచ్చేవాడు ఏ పక్షం వాడైనా న్యాయం చేసినవాడు కాడు. ఒక తరం యువకులను తప్పుదారిన నడిపితే ఆ అప్పు ఎన్ని తరాలు తీర్చాలో మనకు ఇప్పుడు తెలుసు. అందుకే మన పిల్లవాడిని ఎవరో ఆ మాటతో పిలుస్తున్నారు.

మాటను బాగుచేసే దారి

మాట చెడినది పనివల్ల. బాగుపడవలసినదీ పనివల్లనే. ఎవరో తిట్టారని తిరిగి తిట్టడంవల్ల అది బాగుపడదు. మా పూర్వీకులు అలాంటివారు కాదని ఉపన్యాసాలిచ్చినా బాగుపడదు.

1951 ఏప్రిల్ 18న, అదే నల్గొండ జిల్లా పోచంపల్లిలో, నలభై దళిత కుటుంబాలు వినోబా భావే ఎదుట ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరాలు ఇస్తానని లేచారు. రక్తం ఆరని నేలమీదే భూదానం మొలకెత్తింది. 2009 అక్టోబర్ 2, అదీ శుక్రవారమే. తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్నీ, ఇవతలి ఒడ్డున అలంపూర్ ప్రాంతాన్నీ, రాజోలి నేతగాళ్ళ ఇళ్ళనూ ముంచింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు చేరింది. వరద వచ్చినప్పుడు ముందుగా చేరేది ప్రభుత్వ వాహనం కాదు, పొరుగు వీధి కుర్రవాళ్ళు. తాడు విసిరేవాడిని ఎవరూ నీ పేరేమిటని అడగరు, తాడు పట్టుకునేవాడిని అతనూ అడగడు. ఆ క్షణంలో అతను రజాకార్, అసలైన అర్థంలో.

ప్రతి ఊరికీ వరద రాదు. కానీ ప్రతి ఊరిలో పని ఉంటుంది. పాలమూరునుండి ఏటా కుటుంబాలు కూలికోసం ఊళ్ళు విడిచిపోతాయి, వెనుక మిగిలే ముసలివారికి మందులు తెచ్చేవారు కావాలి. పింఛను దరఖాస్తు నింపలేని అవ్వకు ఒక పదో తరగతి పిల్లవాడు చాలు. సాయంత్రం ఒక గంట కూర్చుని, వీధిలో ఐదుగురు చిన్నపిల్లలకు ఎక్కాలూ అక్షరాలూ నేర్పే బాలికకు బద్ర్ బందీలతో ఒక చుట్టరికం ఉంది, ఆమెకు మాత్రం ఎవరూ సంకెళ్ళు వేయలేదు. ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు వంగిన పెద్దలు నల్గొండ పల్లెల్లో ఇంకా ఉన్నారు, వారికి ఒక బిందె మంచినీరు అందించడం చిన్న పని కాదు. కళాశాలల్లో 1969నుండి జాతీయ సేవా పథకం నడుస్తున్నది. అందులో మన పిల్లలు అన్ని మతాల పిల్లలతో కలిసి పనిచేయాలి. హిల్ఫుల్ ఫుజూల్ అలాంటిదే కదా!

చరిత్రనుండి మనం నాలుగు గట్లు కట్టుకుందాం. ఒకటి, సేవ ఇష్టంతో చేయాలి. ఇష్టం లేనిది వెట్టి. రెండు, సేవ చేసే చేతిలో ఆయుధం ఉండరాదు, నోటిలో ద్వేషం ఉండరాదు. మూడు, అన్నం పెట్టేముందు కులం, మతం అడగరాదు. ఆకలిగొన్న పేదకూ, అనాథకూ, చెరలో ఉన్నవానికీ అన్నం పెట్టి, ప్రతిఫలమే కాదు, కృతజ్ఞత సైతం కోరనివారిని ఖుర్ఆన్‌లోని అద్దహ్ర్ అధ్యాయం ప్రశంసిస్తుంది. చెరలో ఉన్నవాడు ఆ రోజుల్లో ఎవరు? శత్రువే కదా! నాలుగు, పిల్లల పనికి బాధ్యులైన పెద్దలు ఉండాలి. తప్పుదారి పడుతుంటే వెనక్కి పంపగల పెద్దలు.

ఈ నాల్గవది మనకోసం, ముందు వరుసల్లో కూర్చున్నవారికోసం. మనం పిల్లలను పిలిచేది ఎందుకు? జెండాలు మోయడానికా, మన పోటీలలో మన వెనుక నినాదాలివ్వడానికా, విందులో వడ్డించి చివరకు తాము తినకుండానే వెళ్ళడానికా? అలా అయితే మనమూ చిన్న గడీలు కట్టుకున్నవారమే, వారిచేత వెట్టి చేయిస్తున్నవారమే. ఖాసిం రజ్వీ కాలంలో పిల్లలను పెద్దలు వాడుకున్నారు. మనం వాడుకోవద్దు. వారికి పని అప్పగిద్దాం, పనితోపాటు గౌరవం ఇద్దాం, నిర్ణయంలో మాట ఇద్దాం.

యువ మిత్రులారా! ఇకపై ఎవరైనా మిమ్మల్ని ఆ మాటతో పిలిస్తే కోపగించవద్దు, తల దించుకోవద్దు. ఆ మాట అసలు అర్థం మీకు ఇప్పుడు తెలుసు, అది ఎలా చెడిందో కూడా తెలుసు. రెండూ తెలిసినవాడే దానిని బాగుచేయగలడు. మాటతో కాదు, మీ వీధి చివర ఒంటరిగా ఉన్న ఆ ముసలితల్లి గడప దగ్గర. ఆమె ఏ దేవుణ్ణి కొలిచినా సరే. రేపు శనివారం, బడి విడిచాక వెళ్ళండి. మీ ఇష్టంతో వెళ్ళండి, దైవప్రసన్నత కోసం వెళ్ళండి. ‘రజా’ అనే మాటలో ఆ రెండు అర్థాలూ ఉన్నాయి.

ఓ అల్లాహ్! మా పూర్వులలో అన్యాయానికి బలైనవారందరికీ న్యాయం ప్రసాదించు. అన్యాయం చేసినవారి దారినుండి మా సంతానాన్ని కాపాడు. మా పిల్లల చేతులను కలానికీ, అన్నానికీ, ఆపన్నుల సేవకూ అంకితం చేయి. మా ఊళ్ళలో ఇరుగుపొరుగుల మధ్య ప్రేమను నిలుపు. ఆమీన్.